గార్డు మావయ్య లివరు

ఆ రోజుల్లో నాతో అన్నానికి కూర్చోవడమంటే మా ఇంట్లోవాళ్ళకి పరీక్షే. విశాఖలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతూ, సెలవులకి, అరకు అవతల ఇనప గనుల ఊరు బచేలిలో నాన్నకిచ్చిన రైల్వే క్వార్టరుకి వచ్చేదాన్ని. నా ప్రాజెక్టు కోడిగుడ్డు పిండంలో లివరు ఎలా పెరుగుతుందన్నది. అందులో నక్షత్ర కణాలని ఒక రకం ఉంటాయి. వాటి మీద నాకెంత మోజంటే, పప్పులో నెయ్యి వేసుకుంటూ కూడా వాటి ఊసే. నాన్న మర్యాదకి తల ఊపేవాడు, అమ్మ మాట మార్చేది. అయినా బయట మాత్రం "మా పిల్ల లివరు చదువుతోంది" అని గొప్పగా చెప్పుకునేది. దాంతో సగం కాలనీ నన్ను డాక్టరనుకుంది (నేను గట్టిగా కాదన్నట్టు గుర్తులేదు).

మా పక్క క్వార్టరు గార్డు మావయ్యది. చుట్టం కాదు, మా బొబ్బిలి వైపు మనిషి కాబట్టి మావయ్య. ఇనప రాయి మోసే గూడ్సు బళ్ళకి గార్డు, ఆదివారం చర్చిలో సంఘ పెద్ద. తాగుడు మానండని ఎదురుపడ్డవాళ్ళకల్లా చెప్పే మనిషి. ఆయనకున్న యావంతా తీపి మీదే. గీదం సంతకి వెళ్తే జిలేబీ పొట్లం దారిలోనే సగమయ్యేది, అరిసెలు వండితే అత్త డబ్బా ఎక్కడ దాచాలో తెలీక అవస్థపడేది.

ఒక ఉదయం అమ్మ కూరలకి వెళ్ళిన సమయం చూసుకుని, మావయ్య మా పెరట్లో స్టూలు మీద కూర్చుని గుసగుసగా జరిగింది చెప్పాడు. కడుపులో బరువుగా ఉందని అత్తని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. లివరుకి కొవ్వు పట్టింది, కాస్త గట్టిపడింది కూడా అని తేలింది. డాక్టరు ముందు టీలో చక్కెర ఎంత వేసుకుంటారని అడిగాడు. ఈయన చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా "కబ్ సే పీతే హో?" అన్నాడు హిందీలో, ఎప్పట్నుంచి తాగుతున్నావని. ఈయన ఇంకా టీ దగ్గరే ఉన్నాడు.

"బచ్‌పన్ సే" అన్నాడట, చిన్నప్పట్నుంచీ అని, వినయంగా.

అడిగింది మందు గురించని బయటికొచ్చాక వెలిగింది. అప్పటికే అత్త రిక్షా ఎక్కేసింది. డ్యూటీ మీద వారానికి నాలుగు రాత్రులు బయట పడుకునే మనిషి, తోటివాళ్ళలో తాగేవాళ్ళున్నారు, పైగా నోటితో ఒప్పుకున్నాడు. టీ గురించన్నానంటే, దొరికిపోయాక టీ అంటున్నాడంది. అప్పట్నుంచి కంచం పెడుతోంది కానీ మాట లేదు.

"లివరు సంగతి దేవుడు సూస్తాడమ్మా. మీ అత్తకి నువ్వు సెప్పాల" అన్నాడు.

నాకింతకంటే ఏం కావాలి. ఇస్త్రీ చున్నీ వేసుకుని మరీ వెళ్ళాను. అత్త వంటింటి గుమ్మంలో వెల్లుల్లి వలుస్తోంది. మావయ్య ఎదురుగా ముద్దాయిలా కూర్చున్నాడు. నేను పిండం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. లివరు మొగ్గ తొడిగినప్పుడు ఈ కణాలు పక్కనే ఉండి దాన్ని పెరగనిస్తాయని, పెద్దయ్యాక విటమిన్ ఏ దాచుకుని ఓ మూల ఊరికే ఉంటాయని, లివరుకి అదేపనిగా దెబ్బ తగిలితే మాత్రం రూపు మార్చుకుని, గాయం పూడుద్దామని నార లాంటిది పోస్తాయని, అది మితిమీరితే లివరు గట్టిపడుతుందని చెప్పాను. ముగ్గుపిండితో నేల మీద బొమ్మ కూడా వేశాను. వెల్లుల్లి అయిపోయి, చింతపండు గింజలు తీయడం మొదలైంది.

"ఇంతకీ ఈయన తాగీసినాడా, నేదా?" అంది అత్త.

కొవ్వు పేరుకున్నా ఆ దెబ్బ తగులుతుందని, దానికి మందే తాగి ఉండక్కర్లేదని, తీపీ కదలకుండా కూర్చోవడమూ చాలని చెప్పాను. గెలిచాననుకున్నాను. అత్త కాసేపు చేతులు చూసుకుని, "అయితే ఇదంతా నా సేతి వంటేనా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మావయ్య లేచి వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. "నువ్వెట్టినావు. మళ్ళీ మళ్ళీ అడిగి తిన్నోణ్ణి నేను కదా" అన్నాడు. కాసేపటికి ఆవిడ ముక్కు చీదుకుని టీ పెట్టింది. ముగ్గురికీ చక్కెర లేకుండా. తాగలేక తాగాను.

గేటు దాకా వచ్చి మావయ్య, ఆ కణాలు మళ్ళీ మామూలుగా అవుతాయా అని అడిగాడు. దెబ్బ ఆపితే చాలావరకు నెమ్మదిస్తాయని చదివాను, మీ విషయంలో ఎంతవరకో నాకు తెలీదు, డాక్టరునే అడగండి అన్నాను. ఆ సెలవుల్లో నేను తెలీదన్నది ఆ ఒక్కసారే.

మర్నాటి నుంచి సాయంత్రం పూట ఇద్దరూ నడకకి బయల్దేరారు. ఆవిడ ముందు, ఆయన వెనక. నెల తిరిగేసరికి పక్కపక్కన. మళ్ళీ సెలవులకి వచ్చేసరికి మావయ్య బెల్టుకి కొత్త బెజ్జాలు పడ్డాయి. లివరు మెత్తబడుతోందని డాక్టరు అన్నాడట.

తిరుగు ప్రయాణంలో అత్త స్టేషనుకి వచ్చింది. రైలు కదలబోతుంటే కిటికీ చువ్వలు పట్టుకుని, ఆ రోజు నేను చెప్పింది ఆవిడకి ముక్క అర్థం కాలేదంది. "నువ్వు సెప్తున్నంతసేపూ ఆయన నా మొగమే సూస్తన్నాడే. తాగి అబద్ధమాడినోడు అలాగ సూడగలడా" అంది.

అరకు సొరంగాలు దాటేదాకా ఉడుక్కున్నాను. ముగ్గుపిండితో అంత చక్కటి బొమ్మ వేస్తే, ఈవిడ చూసింది మావయ్య మొహమా అని. ఇప్పుడు అవే కణాల గురించి కాలేజీలో పాఠం చెబుతుంటాను, పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు. నా వీపు వెనక అంత పెద్ద విషయం జరుగుతుంటే, నేల మీదకి వంగి కణానికి ఇంకో కొన గీస్తున్న ఆ చున్నీ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. పిలిచి, ఒక్కసారి తల తిప్పి చూడవే అని చెప్పాలనిపిస్తుంది.