ఒకే గుక్కలో మూడు మాత్రలు

2022 ఫిబ్రవరి. సికింద్రాబాద్‌లో ఒక ల్యాబ్ తరఫున ఇళ్లకు వెళ్లి రక్తం తీసే పనిలో అప్పటికి నాకు తొమ్మిదేళ్ల అనుభవం. మా వాళ్లు దీన్ని హోమ్ కలెక్షన్ అంటారు. పొద్దున ఆరింటికి రాంగోపాల్‌పేట్‌లో స్కూటీ తీస్తే తొమ్మిదిలోపు ఏడెనిమిది ఇళ్లు తిరగాలి.

నేను చదివింది ల్యాబ్ డిప్లొమానే. మిగతా చదువంతా లైబ్రరీలో. ఆదివారాలు ఆరోగ్యం పుస్తకాలు ముందేసుకుని నోట్సు రాసుకుంటాను. ప్రతి పేజీ కింద పుస్తకం పేరు, పేజీ నంబరు వేయడం నా అలవాటు.

ఆ నెలలోనే పద్మారావు నగర్‌లో రూత్ టీచర్ ఇంటికి మొదటిసారి వెళ్లాను. నలభై ఆరేళ్లు, లెక్కల టీచరు, గుంటూరు వైపు మనిషి. ఎనిమిదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నారు. తీయాల్సింది టీఎస్‌హెచ్ శాంపిల్. థైరాయిడ్ మందగిస్తే పెరిగే అంకె అది.

"ఏమ్మా సరితా, నాలుగు నెలలుగా నెలసరి లెక్క తప్పింది. ఒకసారి రెండు నెలలు రాదు, వస్తే పది రోజులు ఆగదు. క్లాసులో కుర్చీలోంచి లేవాలంటే భయం" అన్నారు నా బ్యాడ్జి మీద పేరు చదివి, చెయ్యి చాపి.

నా నోట్సు ఊరుకోనిచ్చిందా! "పెరిమెనోపాజ్ మేడం. నెలసరి ఆగిపోయే ముందొచ్చే దశ. నలభై దాటినంక అందరికీ గిట్లనే అయితది" అని పది నిమిషాలు దంచాను.

ఆమె శ్రద్ధగా విని, "అయితే మా వదిన చెప్పిందే నయం. ఎండాకాలం సెలవుల్లో గర్భసంచి తీయించేసుకుంటా. గొడవ వదిలిపోద్ది" అన్నారు. ధైర్యం చెప్పబోయి ఆపరేషన్‌కి తాంబూలం ఇచ్చినట్టయింది.

ఆ టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగా వచ్చిందట. డాక్టర్ మాత్ర డోసు పెంచారు.

ఏప్రిల్‌లో ఆపరేషన్ ముందు పరీక్షలకు మళ్లీ వెళ్లాను. రక్తం తీసి, డైనింగ్ టేబుల్ దగ్గర ట్యూబులకు పేర్లు అంటిస్తున్నాను. టీచర్ బైబిల్ పక్కనున్న చిన్న స్టీల్ గిన్నె తీశారు. అందులో మూడు మాత్రలు. రెండో చేతిలో పొగలు కక్కే టీ.

"మేడం, జెర ఆగండి! మూడూ ఒక్కసారే మింగుతరా?"

"మరేం? ప్రార్థన కాగానే టీతో మూడూ వేసేసుకుంటా. విడివిడిగా అయితే మర్చిపోతాను."

"ఇంట్లో కూడా టైంటేబులే!" అన్నారు పేపరు వెనక నుంచి ఆమె భర్త ప్రభాకర్ గారు. "నేను తుమ్మాలన్నా బెల్లు కొట్టాలి."

"మీరు మాట్లాడకండి" అన్నారు టీచర్, గిన్నె దించకుండానే.

మూడింట్లో ఒకటి థైరాయిడ్ మాత్ర. మిగతావి ఐరన్, కాల్షియం. "ఈ రెండూ ఎప్పటి నుంచి?" అన్నాను. రక్తస్రావం ఎక్కువై నీరసపడితే నాలుగైదు నెలల కిందట మొదలుపెట్టారట. ఐరన్, కాల్షియం, టీ పక్కనుంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగా పట్టదు. అది పట్టకపోతే రక్తస్రావం పెరగొచ్చు. రక్తం పోతే మళ్లీ ఐరన్. ఇదంతా నా నోట్సులోనే, వేర్వేరు పేజీల్లో ఉంది. మొదటి రోజు నేను చదివి వినిపించానే తప్ప, ఒక్క ప్రశ్న అడగలేదు.

"నేను డాక్టర్ను కాదు మేడం. కానీ ఆపరేషన్‌కి ముందు, మాత్రలు ఎట్ల మింగుతున్నరో డాక్టర్కు చెప్పుండ్రి" అని కాగితం మీద రాసిచ్చాను.

"చెబుతుంది" అన్నారు ప్రభాకర్ గారు పేపరు మడిచి. "చెప్పకపోతే నేను చెబుతా, బెల్లు లేకుండానే."

డాక్టర్ స్కాన్ చేయించి, కంగారు పడాల్సిందేమీ లేదని ఆపరేషన్ వాయిదా వేశారు. మాత్రల వేళలు మార్చారు. పరగడుపున నీళ్లతో థైరాయిడ్ మాత్ర ఒక్కటే, టీ గంట తర్వాత, ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి. జూన్ చివర మళ్లీ శాంపిల్ తీస్తే టీఎస్‌హెచ్ దిగింది. నెలసరి గడియారంలా మాత్రం కాలేదు. ఆ వయసుకు అది మామూలేనని డాక్టరే చెప్పారట. కానీ వస్తే నాలుగైదు రోజులే. ఆపరేషన్ మాట పోయింది.

"వదినకి ఫోన్ చేసి గంటసేపు పాఠం చెప్పింది. ఆవిడ ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు" అని ప్రభాకర్ గారు నవ్వారు.

అప్పటి నుంచి ఏ ఇంట్లోనూ "మాత్ర వేసుకుంటున్నరా?" అని అడగను. "ఎట్ల వేసుకుంటరో చూపించుండ్రి" అంటాను. ఈ సంగతి నా నోట్సులో రాసుకుని, పేజీ కింద పుస్తకం పేరు వేయాల్సిన చోట ఇలా రాశాను: రూత్ టీచర్ గారి డైనింగ్ టేబుల్, పద్మారావు నగర్.