మారెమ్మ నడిచే కేబుల్ దారి

మారెమ్మది మడకశిర పక్కన పల్లె. భర్త బాలరాజుతో బెంగళూరు వచ్చి, బొమ్మనహళ్ళిలో గది అద్దెకు తీసుకుని పదమూడేళ్ళయింది. వచ్చిన నెలలోనే ఇద్దరూ ఫైబర్ కేబుళ్ళకు కాలువలు తవ్వే గుంపులో చేరారు. మనిషి భుజం లోతు తవ్వాలి. అడుగున నారింజ రంగు పైపు పరిచి, ఇసుక పోసి, కొంత మట్టి కప్పాక పసుపు టేపు వేయాలి. తర్వాతెప్పుడైనా తవ్వేవాళ్ళకు ఆ టేపే హెచ్చరిక. పైపులోకి కేబుల్ పంపేవాళ్ళు వేరే. వాళ్ళు వచ్చేసరికి ఈ గుంపు మరో రోడ్డు మీద ఉండేది. అందుకే తొమ్మిదేళ్ళు తవ్వినా ఆ కేబుల్‌లో ఏముంటుందో మారెమ్మ చూడలేదు.

నడుము పట్టేసి బాలరాజు ఒక అపార్ట్‌మెంట్‌లో కాపలా పనికి మారాడు. మారెమ్మ నీళ్ళ పైపుల కాంట్రాక్టరు దగ్గర చేరింది.

పోయిన ఏడాది సర్జాపుర రోడ్డు పక్కన నీళ్ళ పైపు వేసే పని మొదలైంది. అక్కడే భూమిలో ఫైబర్ కేబుల్ ఉంది. దానికి దెబ్బ తగలకుండా చూడడానికి కేబుల్ కంపెనీ నుంచి గిరీష్ అనే ఇంజినీరు మ్యాపు పట్టుకుని వచ్చాడు. కేబుల్ కాంపౌండు గోడ వెంబడి ఉందని చెప్పి, రోడ్డు వైపు సున్నంతో గీత గీసి, అక్కడ తవ్వుకోమన్నాడు. జేసీబీ నడిపే పునీత్ బకెట్ పైకెత్తాడు.

మట్టి మోస్తున్న మారెమ్మ గంప దించేసి, గీత మీదికొచ్చి నిలబడింది.

“ఈడ తవ్వొద్దప్పా! కేబుల్ ఈడే ఉండాది.”

“పక్కకు పో అక్కా, ఇంజినీరు సారే చెప్పినాడు,” అని పునీత్ అరిచాడు.

ఆమె కదల్లేదు. గిరీష్ చేయెత్తి బండి ఆపించాడు. “మ్యాపులో గోడ పక్కన ఉంది కదమ్మా. మీకెట్ల తెలుసు?”

“నేనే తవ్వితిని సార్. గోడ పక్క పెద్ద బండ అడ్డమొచ్చె. రెండు దినాలు కొట్టినా పగల్లే. మేస్త్రీ రోడ్డు పక్కకు తిప్పించె. కాగితంలో రాసినాడో లేదో నాకేం తెలుసు?”

గిరీష్ మళ్ళీ మ్యాపు విప్పి చూడసాగాడు. మారెమ్మ అతని జవాబు కోసం ఆగలేదు. పార అందుకుని గీత మీదే తవ్వింది. నడుము లోతు దిగాక పార మొనకు పసుపు టేపు తగులుకుంది. పునీత్ ఇంజిన్ ఆపి, దిగివచ్చి తొంగిచూశాడు.

మర్నాడు గిరీష్ ఒక కేబుల్ ముక్క తెచ్చి, నల్లటి తొడుగు చీల్చి, లోపలి గాజు పోగును ఆమె అరచేతిలో పెట్టాడు. తలవెంట్రుకంత ఉంది.

“దీనికా సార్, మాతో అంత లోతు తవ్విచ్చినారు?”

ఆమెకు నవ్వొచ్చింది, కాస్త కోపమూ వచ్చింది. ఇంత నాజూకైనదని ముందే చెప్పి ఉంటే ఇసుక ఇంకొంచెం ఒత్తుగా పోసేదాన్ని కదా అనుకుంది.

వారం రోజులు గిరీష్ ఆమెను వెంటబెట్టుకుని తిరిగాడు. మ్యాపు తప్పని ఆమె పదకొండు చోట్లు చూపించింది. తవ్వి చూస్తే తొమ్మిది నిజమే. రెండు చోట్ల ఆమే పొరపడింది. ఆ తర్వాత కంపెనీ ఆమెను ఆ దారికి కాపలా మనిషిగా పెట్టుకుంది. రోజూ ఏడు కిలోమీటర్లు నడుస్తుంది. ఎవరు గడ్డపార దించినా, ఏం పని, ఎంత లోతు అని అడుగుతుంది.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆమె పక్క వీధి హోటలుకు అన్నానికి వెళ్ళిన అరగంటలో, బోర్డు స్తంభానికి గుంత తీసేవాళ్ళు కేబుల్ తెంపేశారు. అతుకు వేసేవాళ్ళు వచ్చి ఒక్కో పోగునూ మెషిన్‌లో పెట్టి కలుపుతుంటే, సాయంత్రం దాకా పక్కనే కూర్చుంది.

“తప్పు మీది కాదమ్మా,” అన్నాడు గిరీష్.

“కాదులే సార్. నేనుంటే తెగుతా ఉండ్లేదు, అంతే.”

మర్నాటి నుంచి ఆమె అన్నం డబ్బా వెంట పెట్టుకుని నడుస్తోంది. ఎక్కడ తవ్వకం కనబడితే ఆ గుంత పక్కనే కూర్చుని తింటుంది.