శని చుట్టూ ప్రదక్షిణం

మాస్టారు పోయారని చెబితే ముక్తేశ్వరం సెంటర్లో మొదట ఒక్కరూ నమ్మలేదు. చెప్పింది నేను కదా. బతికున్నవాళ్లను చంపి, పెళ్లికానివాళ్లకు పెళ్లిళ్లు చేసిన నోరు ఇది. "ఇందులో కూడా వేళాకోళమేనా నీకు?" అని టీకొట్టాయన కసిరాడు. తరవాత నా మొహం చూసి, చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు.

బళ్లో నాకు సైన్సు చెప్పింది ఆయనే. పదో తరగతి నన్ను వదిలేసింది గానీ ఆయన వదల్లేదు. రిటైర్మెంటుకు రెండేళ్లుందనగా ఒక ట్యాబు పట్టుకుని నా సెల్‌ఫోన్ల రిపేరు కొట్టుకు వచ్చారు.

"ఏరా, ఇందులో గ్రహాలు గదిలోకి వస్తాయట. రప్పించు. ముప్పై ఏళ్లుగా బోర్డు మీద సున్నాకి నడుం కట్టి శని అంటున్నాను, సిగ్గేస్తోంది."

ఆగ్మెంటెడ్ రియాలిటీ యాప్ అది. ట్యాబులోంచి చూస్తే మన గదే కనబడుతుంది, గది మధ్యలో లేని గ్రహం ఉన్నట్టు నిలబడుతుంది. బడికి వెళ్లి బల్ల పక్కన శనిని వలయంతో సహా నిలబెట్టాను. అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? శని మాస్టారి నెత్తిన కూర్చున్నట్టు ఒక ఫొటో తీసి, 'మాస్టారికి శని పటింది' అని ఊరి గ్రూపులో పెట్టేశాను.

మా వైపు శని అంటే నవ్వులాట కాదు. మందపల్లి శనీశ్వరుడి గుడికెళ్లి నూనెతో అభిషేకం చేయించుకోవాల్సిన సంగతి. మర్నాడు తల్లులు బడికొచ్చేశారు.

"పిల్లల మధ్యకి శనిని తెచ్చేరేంటండీ? ఆ పాఠం ఆపకపోతే మా పిల్లల్ని పంపమండి."

హెడ్మాస్టరు కూడా ఆపేయమన్నారు. ఆ పాఠం కోసం ఆయన ఎంత ఎదురుచూశారో నాకు తెలుసు.

మాస్టారు మాత్రం, "లోపలికి రండమ్మా. చూసేకే ఆపిద్దురు గాని," అన్నారు.

ఒకావిడ చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ట్యాబు రెండు చేతులా పట్టుకుని, శని చుట్టూ ప్రదక్షిణం మొదలెట్టింది. మిగతావాళ్లు వెనకే. నాకు నవ్వాగలేదు.

"నవ్వకు. గుండ్రంగా ఉన్నదాన్ని తెలుసుకోవాలంటే చుట్టూ తిరగాలి. వాళ్లకి పాఠం వచ్చేసింది," అని నన్ను గదిమి, వాళ్లవైపు తిరిగారు. "శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడమ్మా. సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టి రావడానికి దగ్గర దగ్గర ముప్పై ఏళ్లు. మావాడు టెన్తు పాసవడం లాగ."

తల్లులు నవ్వేశారు. పాఠం నిలబడింది. ఆ తరవాత పిల్లలు బల్ల పక్కనుంచి వెళుతుంటే, "వలయం తగుల్తుంది, తల వంచండి," అనడం ఆయనకు అలవాటైపోయింది.

తల్లులు వచ్చిన రోజు సాయంత్రమే ఆయనకు చెప్పేశాను. "ఫొటో పెట్టింది నేనేనండి."

"ఆయ్, తెలుసు. పట్టిందికి ఒత్తు ఎగ్గొట్టేవాడు ఊళ్లో ఇంకెవడున్నాడు?"

అంతే. ఇది రాస్తూ ప్రతి ఒత్తూ రెండేసిసార్లు చూసుకున్నాను.

కర్మకాండలయ్యాక, బాగు చెయ్యమని ఆయన నా దగ్గర ఉంచిన ట్యాబు ఇచ్చేద్దామని బడికి వెళ్లాను. ఆయన చోటికి వచ్చిన కొత్త టీచరుగారు ఒక పిల్లను బోర్డు మీద తేదీ రాయమన్నారు. ట్యాబు నా చంకలోనే ఉంది, ఆపేసే ఉంది. ఆ పిల్ల బల్ల పక్కకు రాగానే తల వంచి, అవతలకు వెళ్లాక ఎత్తింది. టీచరుగారికి అర్థం కాలేదు.

నేను ట్యాబు బల్ల మీద పెట్టి, తల వంచుకుని, వలయం తగలకుండా ఇవతలకు వచ్చాను.