చక్రం కింద రాయి

మా ఇల్లు కొండవాలులో ఉండేది. గుమ్మం ముందు నుంచి మట్టిబాట నేరుగా కిందికి జారి, తారురోడ్డు దగ్గర చదునవుతుంది. తొంభైల్లో నాన్న, పాతసామాన్ల కొట్టుకి పోవాల్సిన పికప్ బండిని ఒకదాన్ని కొనుక్కొచ్చి ఆ గుమ్మం ముందు పెట్టాడు. అరకు సంతకి క్యాబేజీలు, అల్లం, మేకలు, మనుషులు అన్నీ అందులోనే వెళ్లేవి. నాన్న విజయనగరం వైపు నుంచి లారీ క్లీనరుగా కొండెక్కి, ఈ కొండ మనిషైన అమ్మని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు.

ఆ బండికి సెల్ఫ్ పనిచెయ్యదు, తాళం తిప్పితే ఇంజను పట్టదు. హ్యాండ్‌బ్రేకూ అంతే. అందుకని దాన్నెప్పుడూ ముక్కు కిందికి ఉండేలా నిలిపి, ముందు చక్రం కింద రాయి పెట్టేవాళ్లం. బయల్దేరేటప్పుడు నాన్న సీట్లో కూర్చుని, బ్రేకు తొక్కి పట్టి, "రాయి తియ్యే!" అని కేకేసేవాడు. అమ్మ రాయి లాగి పక్కకి జరిగేది. బండి వాలులో దొర్లుకుంటూ పోయేది. పనసచెట్టు దగ్గర నాన్న గేరు వేస్తే ఒక కుదుపు, ఇంత నల్లపొగ, ఇంజను పట్టేది. "పట్టింది!" అని కింద నుంచి ఒకటే అరుపు. ఊరంతటికీ వినిపించాలి మరి.

తిరిగొచ్చాక బండి తిప్పి నిలిపి, బ్రేకు మీద కాలుంచి, కిటికీలోంచి తల బయటపెట్టి "రాయెట్టే!" అనేవాడు. అమ్మ పెట్టాకే కాలు తీసేవాడు. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. ఒకసారి పక్కింటాయన పెడితే బండి రాయెక్కి దిగి మా కోళ్లగూడుని నుగ్గునుగ్గు చేసింది.

ఇందులో అమ్మకి జరిగిన అన్యాయం ఎవరికీ పట్టలేదు. రాయి తీసే మనిషి బండెక్కడానికి లేదు కదా! అందరూ గుమ్మంలోనే ఎక్కేవాళ్లు. అమ్మ రాయి తీసి, చేతులు దులుపుకుని, కిందిదాకా నడిచి వచ్చేది. అప్పటికి ముందు సీట్లో ఎవరో ఒక పెద్దమనిషి సర్దుకుని కూర్చునేవాడు. అమ్మ వెనకాల క్యాబేజీ మూటల మీద.

"నన్నొక్కపాలి మన గుమ్మంలోంచి ముందు సీట్లో కూకోబెట్టి తీసికెల్లయ్యా. ఇంకేటీ అడగను," అనేది.

"సెల్ఫ్ బాగుసేత్తానే. ఈ నెల్లోనే," అనేవాడు నాన్న.

ఆ నెల ఎప్పటికీ రాలేదు. నాన్నకి చెయ్యాలనే ఉండేది. సెల్ఫ్ విప్పుదామని కూర్చుంటే కమాను పట్టీ విరిగేది. పట్టీ వేస్తే క్లచ్చు పోయేది. సెల్ఫ్ లేకపోతే వాలుంది, క్లచ్చు లేకపోతే ఏముంది? కాబట్టి సెల్ఫ్ వంతు ఎప్పుడూ ఆఖరికే పోయేది. ఒకసారి రేడియేటరు కారితే, చిల్లి పూడుతుందని అమ్మ ఆడించి దాచుకున్న పసుపు డబ్బా తెచ్చి అందులో వొంపేశాడు. వానలు పట్టేదాకా చుక్క కారలేదు. మూత తీసినప్పుడల్లా పచ్చటి ఆవిరి. "నా పసుపంతా దాని కడుపులో పోసీసినావు. దానికి తానం కూడా సేయించు!" అని అమ్మ తిట్టింది. నాన్న బండి కింద పడుకునే నవ్వాడు. మా ఇంట్లో నవ్వులన్నీ ఆ బండి దగ్గరే.

ఒక ఏడు వానల్లో అమ్మకి చలిజ్వరం వచ్చింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. కాళ్లు వాచాయి, కళ్లు పచ్చబడ్డాయి. అరకులో డాక్టరు ఆలస్యం చెయ్యకుండా విశాఖ తీసుకెళ్లమన్నాడు. పొద్దున్నే తారురోడ్డు మీద బస్సు ఆగుతుంది. నేను సంచీ సర్దేశాను.

"బస్సెక్కను. మన బండిలో ఎల్తాను. ముందు సీట్లో," అంది అమ్మ.

ఆ మాటకి అమ్మ మీద నాకిప్పటికీ కోపమే. బస్సెక్కి ఉండాల్సింది.

నాన్న కాదనలేకపోయాడు. సెల్ఫ్ లేకుండా ఘాట్‌లో ఇంజను ఆగితే, జబ్బు మనిషిని పెట్టుకుని ఎవర్ని తొయ్యమంటాడు? వానలో టార్పాలిన్ కట్టి బండి కింద దూరాడు. సెల్ఫ్ మోటారు విప్పితే లోపల కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉన్నాయి. కొండ దిగి ఎస్.కోట నుంచి కొత్తవి తెచ్చాడు. లావయ్యాయి. గుమ్మం మెట్టు మీద రుద్ది రుద్ది సన్నం చేశాడు. బిగించి తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది. మళ్లీ విప్పాడు.

"ఈయేళా బస్సెల్లిపోయింది నాన్నా," అన్నాను గొడుగు పట్టుకుని నిలబడి.

"అయిపోయిందమ్మా. ఇదొక్కటే," అన్నాడు.

మర్నాటి సాయంత్రం తాళం తిప్పగానే ఇంజను గుర్రుమంది. నాన్న అరవలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. లోపల మంచం మీంచి అమ్మ గొంతు వినిపించింది. "పట్టింది!"

తెల్లారగానే అమ్మని ఎత్తుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాం. అమ్మ చుట్టూ చూసి, "రాయెవులు తీత్తారు?" అంది.

"ఎవులూ తియ్యక్కర్లేదే. నువ్వు కూకో," అన్నాడు నాన్న. ఇంజను వేసి, బండిని కాస్త వెనక్కి తీసి, రాయి పక్కనుంచి పోనిచ్చాడు. రాయి ఉన్నచోటే ఉండిపోయింది. పనసచెట్టు దాటుతుంటే అమ్మ నవ్వింది. వెనకాల కూర్చున్న నాకు అద్దంలోంచి ఆ నవ్వు కనిపించింది. ఘాట్ పొడుగునా కిటికీ పట్టుకుని, కాఫీతోటల్ని, మంచుని, ఎదురొచ్చే లారీల్ని చూస్తూనే ఉంది. ఎన్నాళ్లుగానో తిరిగిన రోడ్డే. ముందు నుంచి చూడ్డం మాత్రం అదే మొదలు.

విశాఖలో కిడ్నీలు పాడైపోయాయన్నారు. ముందే తెచ్చుంటే బతికేదా అని నేను అడగలేదు. నాన్నా అడగలేదు. వారం తిరక్కుండా అమ్మ పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ వెనకాలే ఉంది, నా పక్కన, తెల్లగుడ్డ కింద. ముందు సీటు ఖాళీ. ఎవర్నీ కూర్చోనివ్వలేదు నాన్న. ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. బండి చూడగానే ఏడుపులు లేచాయి. నాన్న ఎప్పటిలాగే బండి తిప్పి, ముక్కు కిందికి పెట్టి నిలిపాడు. బ్రేకు తొక్కి పట్టాడు. కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"రాయెట్టే!"

ఏడ్చేవాళ్లు కూడా ఆగిపోయారు. తనేమన్నాడో నాన్నకి తెలియడానికి కాసేపు పట్టింది. తెలిశాక తల లోపలికి తీసుకోలేదు.

నేను దూకి, బురదలో దిగబడిపోయిన ఆ రాయిని రెండు చేతులతో పెకలించి తెచ్చి, అమ్మ పెట్టినట్టే చక్రానికి ఆనించాను.

"ఎట్టీసినాను నాన్నా. కాలు తియ్యి," అన్నాను.

తియ్యలేదు. నలుగురూ వచ్చి అమ్మని దింపుతున్నప్పుడు కూడా ఆయన కాలు బ్రేకు మీదే ఉంది.