గవాచి మూసే దయ్యం

ఈ సాయంత్రం మా ఇంటి దయ్యం దొరికింది.

కోయిలకుంట్ల బోర్డు బడికి బదిలీ అయ్యాక నేను దిగిన మట్టిమిద్దె ఇది. ఇంతకుముందు ఇక్కడున్న సుబ్బమ్మ పురిట్లో పోయిందట. అప్పటినుంచి మబ్బు పట్టినప్పుడల్లా, వెలుతురు కోసం మిద్దె కప్పులో వదిలిన కంత, గవాచి మీదికి బండ తనంతట తానే జరుగుతుందని ఊళ్లో చెప్పుకుంటారు. ఎవరూ అద్దెకు రాలేదు. భార్య పోయినప్పటినుంచి నాకు భయపడే ఓపికే లేదు. వానొస్తే లేచి గవాచి మూసే ఓపిక అంతకన్నా లేదు.

ఈ రోజు బడినుంచి వచ్చి నడుం వాల్చానో లేదో, మబ్బు కమ్మింది. నెత్తిమీద బండ గరగరమంది. ఇల్లు చీకటైంది. విసుక్కుంటూ నిచ్చెనెక్కాను. పక్కింటి ముసలామె ఖాసింబీ తమ మిద్దె మీదినుంచి మా మిద్దె మీదికి దాటొచ్చి బండ సర్దుతోంది.

"ఏందవ్వా ఇది?" అన్నాను.

"సుబ్బమ్మ కడుపుతో నిచ్చెన ఎక్కలేకపోతే నేనే మూస్తాంటి, అయ్యోరా. ఆ పిల్ల పాయె. మబ్బు పట్టినాదంటే నా కాళ్లు ఈడికే వస్తాండాయి. ఊరోళ్లు దయ్యమనిరి, నేను నోరు మూసుకుంటి. ఇంగ నువ్వుండావు గదా, నువ్వే మూసుకో."

"నాకు ఓపిక లేదవ్వా. నువ్వే మూయి."

ఆమె బండను ఇంకాస్త సర్దింది. "సరే. తెల్లారినాక తీసేది మటుకు నువ్వే," అంది.

రేపు బడిలో మళ్లీ అడుగుతారు, ఆ ఇంట్లో దయ్యముందా అని. ఉందనే చెబుదామనుకుంటున్నాను. మీరైతే ఏమంటారు? ఏమన్నా తొందరగా చెప్పండి, పొద్దున్నే లేచి బండ తీయాలి నేను.