మా వ్యాన్‌లో కండక్టరమ్మ

కండక్టరమ్మ పోయిందని అఖిల ఫోన్ చేసినప్పుడు నేను మిర్యాలగూడ బస్టాండులో ఉన్నాను. పొద్దున సూర్యాపేటలో తన ఇంట్లో చాయ్ తాగి, కప్పు పక్కన పెట్టి, కూర్చున్నచోటే ఒరిగిపోయిందట. "దవాఖానకు తీస్కపోయేదాక కూడా ఆగలేదక్కా" అంది అఖిల. ఎందరి కోసమో బండి ఆపిన మనిషి, తను పోయేటప్పుడు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. నాకు ముందు కోపం వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

ఈ అఖిల, మూడేళ్ల కింద నాకు అప్పగించిన పిల్ల. డిగ్రీలో ఉండగా వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చేయాలంటే కోదాడలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. పదో తరగతి అయిపోయిన పల్లె పిల్లలకు కాలేజీ వాళ్లం అక్కలుగా, అన్నలుగా తోడుండి, చదువు మానకుండా ఇంటర్‌లో చేరేలా చూడాలి. నేను చేరింది సర్టిఫికెట్ కోసమే, దాచడమెందుకు. మునగాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లలను వ్యాన్‌లో కోదాడకు తెచ్చి సాయంత్రం దింపే పని కండక్టరమ్మది. బస్సు కండక్టరుగా రిటైరై వచ్చింది కనుక అందరికీ కండక్టరమ్మే.

సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. డ్రైవరన్న వెనకాల, తలుపు పక్కన, ఏదీ పట్టుకోకుండా నిలబడేది. "కూసుంటే నా కాళ్లు పరేషాన్ అయితయి బిడ్డా" అనేది. ఎవరైనా కాళ్లు చాపుకుని కూర్చున్నారో, "జర జరుగుండ్రి. బండ్ల జాగ లేదంటే నేను నమ్మ" అని ఇంకొకరిని తెచ్చి ఇరికించేది. ఆఖరి ఊరు దాటే ముందు తలలు లెక్కపెట్టేది. చివర్లో తన గుండె మీద వేలు పెట్టుకుని, "నాతోని ఇరవై మూడు" అని, వ్యాన్ రేకు మీద రెండు దెబ్బలు కొట్టి "రైట్" అనేది. మిమ్మల్ని కూడా ఎందుకు లెక్కేసుకుంటారని అడిగితే, "లేకుంటే నన్ను ఇడిసిపెట్టి పోతరు మీరు" అని నవ్వేది. ఒక్కరు తక్కువైనా, ఎందుకు రాలేదో తెలిసేదాకా బండి కదలనిచ్చేది కాదు.

రెండో వారంలో నేను మొదటిసారి అఖిల ఇంటికి వెళ్లాను. మండుటెండ. వాళ్లమ్మ కుండలోంచి ముంచి స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చింది. "వద్దాంటీ, నా దగ్గరున్నయ్" అని సంచిలోంచి బాటిల్ తీసి అక్కడే తాగాను. బయటి నీళ్లు తాగితే కామెర్లొస్తాయని మా అమ్మ భయం. నా బుర్రలో అంతకు మించి ఏమీ లేదు. కానీ మర్నాటి నుంచి జ్వరమని చెప్పి అఖిల రాలేదు. మూడో రోజుకు, ఆ పిల్లను కోదాడలో బట్టల దుకాణంలో పనికి పెడుతున్నారని తెలిసింది.

కండక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆళ్లింట్ల ఏం తాగినవ్?" అని అడిగింది. చెప్పాను.

"బాటిల్ ఉంటే తప్పు లేదు బిడ్డా. ఆళ్ల చెంబును పక్కకు వెట్టి బాటిల్ మూత తీసినవ్ సూడు, గాడ తప్పయింది."

"నేను గట్ల అనుకోలేదమ్మా. నాకు కులం పట్టింపు లేదు" అన్నాను, ఉడుక్కుంటూ.

"నీ మనసుల ఏమున్నదో ఆళ్లకెట్ల ఎరుకైతది?"

అప్పుడు తన సంగతి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో బస్సు ఆగినప్పుడు దాహం అడిగితే, యూనిఫాం చూసి చెంబు చేతికిచ్చారట. ఎవరి బిడ్డవని అడిగి తెలుసుకున్నాక, మర్నాడు పైనుంచి దోసిట్లో పోశారట. "నీళ్లు అవే. గొంతు దిగలే" అంది.

మర్నాడు వ్యాన్‌ను అఖిల వాళ్ల వాడ మొదట్లో ఆపించింది. "ఒక తల తక్కువున్నది. తోల్కరాపో. నువ్వొచ్చేదాక బండి కదలదు."

అఖిల వాళ్లమ్మ మిరపకాయల తొడిమెలు తీస్తోంది. పక్కన కూర్చుని, "దూపయితున్నదాంటీ, మంచినీళ్లియ్యుండ్రి" అన్నాను.

"ఇయ్యాల బాటిల్ తెచ్చుకోలేదా?" అంది తలెత్తకుండానే.

"మొన్న నాది తప్పయింది."

ఆమె చాలాసేపు తొడిమెలు తీస్తూనే ఉంది. తర్వాత లోపలికి కేకేసింది. అఖిల చెంబు తెచ్చింది. అంచుకు మూతి పెట్టి తాగాను. ఇంకో చెంబు అడిగి తాగాను. వాళ్లమ్మ నా ముఖం చూసి, "పో, చెప్పులేసుకో" అంది బిడ్డతో. మేం తిరిగి వచ్చేసరికి పిల్లలు ఉడికిపోతూ గొణుగుతున్నారు. కండక్టరమ్మ నన్నేమీ అడగలేదు, పొగడనూ లేదు. తలలు లెక్కపెట్టి "రైట్" అంది. ఆ ఏడే అఖిల ఇంటర్‌లో చేరింది. ఇప్పుడు డిగ్రీ చదువుతూ, సెలవుల్లో అదే సంస్థలో పిల్లలకు అక్కగా ఉంటోంది.

నేనిప్పుడు బీఎడ్ చేస్తున్నాను. ఎవరింటికి వెళ్లినా నీళ్లిస్తే వద్దనను. ఆమె నాకు నేర్పిన చదువు అది. అంతకంటే పెద్ద చదువు నాకు ఎవరూ చెప్పలేదు.

సూర్యాపేటలో ఆమెను మట్టి చేసేటప్పుడు ఆ వేసవి పిల్లలందరూ వచ్చారు, ఎక్కడెక్కడో చదువుతున్నవాళ్లు కూడా. ఒక్కరూ తప్పలేదు. తిరిగి వెళ్లడానికి అదే వ్యాన్ ఎక్కాం. అఖిల తలుపు దగ్గర నిలబడి, అలవాటుగా, వేలితో తలలు లెక్కపెట్టింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"ఒక తల తక్కువున్నదక్కా" అంది.

అన్నాక దానికే అర్థమై, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. డ్రైవరన్న తాళం మీది నుంచి చెయ్యి తీసేశాడు. అతని వెనకాల, ఆమె నిలబడే చోటు ఖాళీగా ఉంది. ఎవరమూ రైట్ అనలేదు.