బంగారం షాపులో పత్తి కట్టె

డిగ్రీ ఆఖరి ఏడాది మా ప్రాజెక్టు, పత్తి కట్టె నుంచి ఇంధనం తీయడం. కట్టె పొడిని నీళ్ళలో కలిపి, చెవికి అందనంత సన్నటి శబ్దంతో అదిరిస్తే దాని బిగువు సడలుతుందనీ, ఆపైన ఎంజైమ్ కలిపితే తేలిగ్గా చక్కెరగా మారుతుందనీ, ఆ చక్కెరను పులియబెడితే స్పిరిట్ వస్తుందనీ చదివాం. కమాన్‌పూర్‌లో నా స్నేహితురాలి వాళ్ళకు పత్తి చేను ఉంది కనుక కట్టెకు కొదవ లేదు. శబ్దం పుట్టించే మిషనే కాలేజీలో లేదు.

అది గోదావరిఖనిలో ఒక బంగారం షాపులో ఉందని కనిపెట్టింది కూడా నా స్నేహితురాలే. నగల సందుల్లో మురికి వదిలించే చిన్న స్టీలు తొట్టి అది. సేటు మా మాట విని చాలాసేపు నవ్వాడు.

"పగటీలి గిరాకీ ఉండది. అప్పుడు రాండ్రి. తొట్టి కరాబు చెయ్యద్దు మల్ల," అన్నాడు.

మధ్యాహ్నం పూట వెళ్ళి, పొడి కలిపిన గాజు సీసాను తొట్టి నీళ్ళలో నిలబెట్టి, పక్కనే స్టూళ్ళ మీద కూర్చునేవాళ్ళం. ఒకరోజు పుస్తెలతాడు కడిగించుకోవడానికి ఒకామె వచ్చింది.

"గా సీసల ఏందే, పిల్లా?"

"పత్తి కట్టె, అక్కా. సేటు దీంట్లకెల్లి బంగారం తీస్తుండు," అంది నా స్నేహితురాలు, కనురెప్ప కదపకుండా.

సేటు కాదంటాడనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "ఇంకా రాలే. చూస్తున్నం," అన్నాడు.

మర్నాడు మేం వెళ్ళేసరికి షాపు మెట్ల మీద పత్తి కట్టె మోపు ఉంది. పక్కన ఆమె.

"మా చేన్ల కట్టె ఇది. ముక్కుపుల్లకు సరిపోను వచ్చినా చాలు," అంది.

సేటు లోపలికి వెళ్ళిపోయాడు. నా స్నేహితురాలు, "ఊకెనే గట్లన్న, అక్కా. బంగారం రాదు, బండ్లల్ల పోసేది వస్తది," అంది.

ఆమె మోపును గోడవారకు జరిపింది. "గట్లయితే మా ఆయన బండికియ్యుండ్రి. డ్యూటీకి పోయేటప్పుడే ఆగుతది," అని మోపు అక్కడే వదిలి వెళ్ళింది.

ఉత్తగా నానబెట్టిన పొడికన్నా, తొట్టిలో అదిరించిన పొడి ఎక్కువ చక్కెర ఇచ్చింది. పులియబెట్టి, కాలేజీ ల్యాబులో మళ్ళీ మళ్ళీ మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టాక దీపం బుడ్డి అడుగు తడిసేంత స్పిరిట్ మిగిలింది. మా సారు ముందు, వరండా ఎండలో, వత్తి వెలిగించాం.

"ఏదమ్మా? అంటుకోలేదే," అన్నారు సారు.

"అంటుకుంది సార్. ఎండలో మంట కనపడదు," అన్నాను.

ఆయన నమ్మలేదు. వేలు పెట్టి చూశారు. చప్పున వెనక్కి తీసుకుని, వేలు నోట్లో పెట్టుకుని, మంచి మార్కులే వేశారు.